అరవై దాటిన అమ్మకి కంటి మేకప్: ఐషాడో మడతల్లో చేరుతోంది, కాటుక కిందికి దిగుతోంది. ఏం మార్చాలి?

కలువరేకు:

శ్రావణంలో చెల్లి పెళ్లి, రాజమండ్రిలో. ముహూర్తం రాత్రి 10:50కి. అమ్మ వయసు 62. కన్యాదానానికి పీటల మీద కూర్చోవాలి కాబట్టి సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాటేదాకా మేకప్ నిలవాలి. పార్లర్ వాళ్లు పెళ్లికూతురికి మాత్రమే వస్తున్నారు, అమ్మకి నేనే వెయ్యాలి.

అమ్మది చామనఛాయ. పై రెప్ప చర్మం వదులై కిందికి వాలింది. కళ్లు తెరిచి నేరుగా చూస్తే రెప్ప మీద 2–3 మిల్లీమీటర్ల చోటు మాత్రమే కనిపిస్తుంది. కళ్ల చివర ముడతలు, కింద నలుపు, ముక్కు వైపు కాస్త గుంట ఉన్నాయి. రెప్ప వెంట్రుకలు, కనుబొమ్మల తోకలు పలచబడ్డాయి. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. రెండు కళ్లూ తరచూ నీరు కారుతుంటాయి. ప్రోగ్రెసివ్ కళ్లజోడు (దూరానికీ చదవడానికీ ఒకే గాజు) పెట్టుకుంటుంది.

ముందుగా ఒకసారి వేసి చూశాను. ఐషాడో గంటలోపే మడతలో గీతలా చేరింది. లైనర్ రెప్ప మూసినప్పుడు తిన్నగా ఉంది, తెరిస్తే వంకర. కాటుక మాత్రం ఎప్పటిలాగే బుగ్గ దాకా దిగింది. కంటి కింద నలుపు కప్పే కన్సీలర్ పగిలినట్టు కనిపించింది. ఏది ముందు సరిచెయ్యాలి? దయచేసి వస్తువుల పేర్లకన్నా పద్ధతి చెప్పండి.


ముస్తాబుగది:

మీరు చెప్పిన నాలుగింటిలో రెండు, ఐషాడో, కన్సీలర్, బేస్ (రంగుల కింద ఉండే పొర) దగ్గరే మొదలవుతున్నాయి, అందుకే బేస్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

కంటి రెప్పది శరీరంలోకెల్లా పలుచని చర్మం, సుమారు అర మిల్లీమీటరు. వయసుతో అందులో బిగువు తగ్గి, మడత రెండు పక్కలా చర్మం ఒకదానికొకటి రాసుకుంటుంది. మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాడు. ఆరు గంటల పెళ్లిలో ఐదు వేల సార్లకు పైనే. ప్రతిసారీ మడత లోపల నూనె, చెమట, రంగు కలిసి మధ్యకి నెట్టబడతాయి. కాబట్టి ఎంత మంచి ఐషాడో కొన్నా, దాని కింద క్రీము తడి మిగిలి ఉంటే గీత కట్టి తీరుతుంది.

పెళ్లిరోజు మీ ఇంట్లో మంగళస్నానం ఉంటుంది కదా. నూనె, నలుగుపిండి రెప్పల మీద, కనుబొమ్మల్లో మిగులుతాయి, సబ్బుతో ముఖం కడిగినా పోవు. మేకప్‌కి అరగంట ముందు దూది మీద మైసెల్లార్ వాటర్ (జిడ్డు, మేకప్ తుడిచే నీరు) వేసి రెప్పలు, కనుబొమ్మలు, కంటి చివరలు నెమ్మదిగా తుడవండి. తర్వాత మంచినీళ్లతో తడిపిన దూదితో ఇంకోసారి. ఈ పని మానేస్తే పైన చేసేదంతా జారుతుంది.

ఐక్రీమ్ రెండు కళ్లకీ కలిపి ఒక బియ్యపు గింజంత చాలు. కంటి కింద ఎముక మీద వేలితో అద్దాలి, పై రెప్పకి అసలు వద్దు. పది నిమిషాలు ఆగి, టిష్యూని పొరలు విడదీసి ఒక పొరతో ఒత్తండి. టిష్యూకి జిడ్డు అంటితే ఇంకా ఇంకలేదన్నమాట. ముడతలున్నాయని క్రీము ఎక్కువ రాయడం వల్లే చాలామందికి కన్సీలర్ పగులుతుంది. పొడిబారి పగలడం ఒకటి, క్రీము మీద తేలి పగలడం ఒకటి. మొదటిది పొట్టులా కనిపిస్తుంది, రెండోది ముడతల్లోకి జారి గీతలుగా కనిపిస్తుంది. మీది ఏదో ఒకసారి భూతద్దంలో చూడండి.

పై రెప్పకి ఐప్రైమర్ (ఐషాడో నిలవడానికి ముందు రాసేది) ఒక్కో కంటికి ఆవగింజంత. వేలితో రెప్ప వెంట్రుకల దగ్గర నుంచి కనుబొమ్మ ఎముక దాకా పలుచగా పరిచి, కళ్లు మూసి ఒక నిమిషం ఉంచమనండి. దాని మీద చర్మం రంగులోనే ఉన్న మ్యాట్ (మెరుపు లేని) ఐషాడో చిన్న బ్రష్‌తో అద్దితే, ఆ తర్వాత వేసే రంగుకి పొడి నేల దొరుకుతుంది. కన్సీలర్‌నే ప్రైమర్‌గా వాడడం కుర్రవాళ్ల రెప్ప మీద నడుస్తుంది, వదులు రెప్ప మీద నడవదు. దాంట్లో మైనం, నూనె ఎక్కువ.

కంటి కింద నలుపుకి ముందు అది ఏ నలుపో తేల్చుకోవాలి. అమ్మని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త పైకెత్తమనండి. వెలుతురు పడగానే నలుపు తగ్గితే అది గుంట నీడ. తగ్గకపోతే చర్మాన్ని వేలితో కొంచెం పక్కకి జరిపి చూడండి. గోధుమ రంగు చర్మంతోపాటే జరిగితే అది చర్మపు మచ్చ, నీలంగా ఉండి సాగదీస్తే ఇంకా తేలితే అడుగునున్న రక్తనాళాలు. నీలానికి, గోధుమ నలుపుకి చామనఛాయ మీద నారింజ కలిసిన పీచ్ కరెక్టర్ (కన్సీలర్ కింద వేసి నలుపుని తగ్గించే రంగు) పనిచేస్తుంది. నలుపు ఉన్న చోట మాత్రమే, నువ్వుగింజలంత చుక్కలు మూడు. దాని మీద చర్మం రంగు కన్సీలర్ పలుచగా. ఒంటి రంగుకన్నా రెండు మూడు షేడ్లు తెల్లని కన్సీలర్ వేస్తే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, ఫోటోలో కళ్లజోడు గుర్తులాగా కనిపిస్తుంది. గుంట నీడకైతే ఒక షేడ్ తేలికైన కన్సీలర్‌తో గుంట గీత మీద మాత్రమే సన్నగా గీసి, అంచులు చెదరగొట్టాలి. గుంట పక్కనున్న ఉబ్బు మీద పడిందా, ఉబ్బు ఇంకా పెద్దదవుతుంది.

స్పాంజి తడిపి గట్టిగా పిండి, అద్దుతూ వెళ్లండి, రుద్దొద్దు. కళ్ల చివర నవ్వు ముడతలున్న చోట కన్సీలర్ అసలు వెయ్యకండి. అక్కడ నలుపు ఉండదు, ముడతలే ఉంటాయి, వేసిన కొద్దీ అవి లోతుగా కనిపిస్తాయి.


గులాబిపొడి:

పైవారు పౌడర్ సంగతి వదిలేశారు. కంటి కింద పౌడర్ అస్సలు వద్దని ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. శ్రావణమాసంలో గోదావరి జిల్లాల ఉక్కలో ఆ సలహా పనికిరాదు. హైదరాబాద్ ఏసీ హాలుకైతే సరే. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, పౌడర్ లేని కన్సీలర్ గంటలో కదులుతుంది.

చోటు, కొలత చూసుకుంటే చాలు. కన్సీలర్ వేశాక అమ్మని పైకి చూడమని, ముడతలో చేరిన దాన్ని శుభ్రమైన వేలితో ఒకసారి సర్ది, వెంటనే పౌడర్ వెయ్యాలి. ఆలస్యమైతే ముడతలో చేరినదే అక్కడ గట్టిపడుతుంది. చిన్న మెత్తటి బ్రష్‌ని పౌడర్‌లో ముంచి, చేతి వెనక్కి తట్టి, మిగిలినదాన్ని కింది రెప్ప వెంట్రుకల దగ్గర, ముక్కు పక్కన మాత్రం ఒత్తండి. పౌడర్ గుట్టగా పోసి పది నిమిషాలు ఉంచి దులిపే పద్ధతి ఉంది, అది ఈ వయసు చర్మానికి పూర్తిగా మానండి. ఉన్న కాస్త తేమనీ పీల్చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. తెల్లగా, రంగు లేకుండా కనిపించే సిలికా పౌడర్లు ఫ్లాష్ పడగానే తెల్లగా మెరుస్తాయి. గదిలో ఏమీ తెలియదు, ఆల్బమ్‌లో కంటి కింద తెల్ల చంద్రవంకలు వస్తాయి. జింక్, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్‌తోనూ అదే జరుగుతుంది, రాత్రి పెళ్లికి అది అవసరమూ లేదు. మేకప్ అయ్యాక చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూడండి. కొద్దిగా పసుపు కలిసిన, చర్మం రంగు పౌడర్ అయితే భయం లేదు.


రెప్పపాటు:

నేను కంటి ఆస్పత్రిలో ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షలు చేస్తాను. కాటుక, నీరు కారడం గురించి మాత్రం చెబుతాను.

రెప్ప అంచున, వెంట్రుకలకీ కంటికీ మధ్య తడిగా ఉండే సన్నని గట్టు మీద మెయిబోమియన్ గ్రంథుల నోళ్లు వరుసగా ఉంటాయి. పై రెప్పలో దాదాపు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30. కన్నీటి పొర ఆరిపోకుండా పైన నూనె పొర వేసేవి ఇవే. వయసుతో, ముఖ్యంగా నెలసరి ఆగిన తర్వాత, వీటి పని తగ్గుతుంది. కాటుక పెన్సిల్‌ని నేరుగా ఆ గట్టు మీద గీస్తే మైనం నోళ్లను మూస్తుంది, ముక్కలు కన్నీటిలో తేలతాయి. నూనె పొర లేక కన్ను పొడిబారుతుంది, పొడిబారిన కన్ను మండి నీరు కారుస్తుంది. ఆ నీరే కాటుకని బుగ్గ మీదికి తెస్తుంది. కాబట్టి నీళ్లకి ఆగే కాటుక కొన్నా మీ సమస్య పోదు. కింది రెప్ప లోపలి గట్టు మీద ఏదీ పెట్టకపోవడమే దారి.

నీరు కారడానికి ఇతర కారణాలూ ఉంటాయి. కింది రెప్ప వదులై కంటికి ఆనకుండా ఉండడం, ముక్కులోకి వెళ్లే కన్నీటి నాళం మూసుకుపోవడం లాంటివి. శుక్లం ఆపరేషన్ తర్వాతి పరీక్షకి వెళ్లినప్పుడు ఇది కూడా చూపించండి, పెళ్లికి కనీసం నాలుగైదు వారాల ముందు. పొడికన్నే అయితే రోజూ గోరువెచ్చని గుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు కాపడం, రెప్ప అంచులు శుభ్రం చెయ్యడం చెబుతారు. ఆ ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, పెళ్లి ముందురోజు మొదలుపెడితే లాభం లేదు.

శుక్లం ఆపరేషన్ తర్వాత కంటి మేకప్ కొన్ని వారాలు వద్దంటారు, నాలుగు నెలలైంది కాబట్టి మామూలుగా అభ్యంతరం ఉండకూడదు. అయినా ఆపరేషన్ చేసిన డాక్టరుని ఒక మాట అడగండి. రెండో కంటికి పెళ్లి లోపు ఆపరేషన్ ఆలోచన ఉంటే తేదీ చూసి పెట్టుకోండి. ఆపరేషన్‌కి ముందు కూడా రెప్పల మీద కాటుక, మస్కారా (రెప్ప వెంట్రుకలకి వేసే రంగు) అవశేషాలు ఉండకూడదు. కంట్లో చుక్కలు వేస్తుంటే, వేసి 15 నిమిషాలు ఆగి అప్పుడు మేకప్ మొదలుపెట్టండి.

గ్లాకోమా (నీటికాసులు) చుక్కల్లో లాటానోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ రకాలు వాడేవాళ్లకి రెప్పల చుట్టూ చర్మం నల్లబడొచ్చు, పై రెప్ప మీద గుంట పడొచ్చు. దాన్ని నిద్రలేమి నలుపు అనుకుని క్రీములు మారుస్తుంటారు. అలాగే ముక్కు వైపు రెప్పల మీద పసుపుపచ్చ మెత్తటి పొరల్లాంటివి ఉంటే కన్సీలర్‌తో కప్పి ఊరుకోకుండా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలి. ఒక కన్ను రెప్ప ఉన్నట్టుండి వాలినా, దాంతోపాటు ఒకటి రెండుగా కనిపించినా అది వయసు వాలడం కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

కాటుకకి బదులు కొందరు పెట్టుకునే నల్లటి పొడి, సుర్మా సంగతి. సంప్రదాయ సుర్మాలో గాలీనా అనే సీసపు ఖనిజం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) కోల్‌ని, అంటే సుర్మా రకాలని, కాస్మెటిక్స్‌లో రంగుగా అనుమతించలేదు. అక్కడున్న బంధువులకి ఇక్కడినుంచి పేరూ ఊరూ లేని డబ్బాలు పంపకండి. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసే కాటుకలో సీసం బాధ తక్కువే గానీ, అది శుభ్రమైన వస్తువని చెప్పలేం. ఆముదంతోనో నేతితోనో కలుపుతారు కాబట్టి వేడికి కరిగి జారుతుంది కూడా. ఆపరేషన్ అయిన కంటికి అది వద్దు.


నేరేడు:

లైనర్ విషయానికి వస్తాను. మూసిన కంటి మీద తిన్నగా ఉండి తెరిస్తే వంకరైందంటే, గీసేటప్పుడు రెప్పని పక్కకి లాగి ఉంటారు. లాగినప్పుడు చర్మం నున్నగా ఉంటుంది, వదలగానే ముడుచుకుని గీత మెట్లుమెట్లుగా తేలుతుంది. వదులు రెప్ప మీద పని అంతా కన్ను తెరిచి ఉండగానే చూసుకోవాలి. ఇది ఒక్కటి పట్టుబడితే సగం కష్టం తీరుతుంది.

అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు ఆమె కళ్ల ఎత్తుకి వచ్చేలా ఎదురుగా కూర్చోండి. నిలబడి పైనుంచి చూస్తూ వేస్తే రెండు కళ్లూ ఒక ఎత్తులో రావు. నేరుగా మీ నుదురు వైపు చూడమనండి, కనుబొమ్మలు ఎత్తకుండా. చాలామంది తెలియకుండానే ఎత్తుతారు, అప్పుడు మడత మాయమై లెక్క తప్పుతుంది.

ముందు ఐషాడో. సహజమైన మడత కన్ను తెరిస్తే కనిపించదు, అందుకని అక్కడ వేసిన రంగు వృథా. కన్ను తెరిచి ఉండగా వాలిన చర్మం అంచు ఎక్కడుందో చూసి, దానికి 2–3 మిల్లీమీటర్లు పైన మ్యాట్ గోధుమ రంగుని చిన్న గుండ్రటి బ్రష్‌తో పెట్టండి. బయటి చివర నుంచి మొదలుపెట్టి నల్లగుడ్డు మధ్య దాకా వచ్చి ఆపెయ్యండి. ముక్కు వైపుకి తీసుకుపోతే కళ్లు లోపలికి పోయినట్టు ఉంటాయి. రంగు ఒంటి ఛాయకన్నా రెండు షేడ్లు ముదురు సరిపోతుంది. చామనఛాయకి ఎర్రమట్టి రంగు, వంకాయ రంగు, ముదురు కాఫీ రంగు బాగుంటాయి. బూడిద, లేత గులాబీ, తెల్లటి మెరుపులు బూడిద పూసినట్టు తేలతాయి. చీర పట్టుది కాబట్టి మెరుపు కావాలనిపిస్తే, కనిపించే ఆ 2–3 మిల్లీమీటర్ల రెప్ప మీద, నల్లగుడ్డుకి సరిగ్గా పైన, వేలి కొనతో రాగి రంగు శాటిన్ ఒక్క అద్దు. పెద్ద రేణువుల గ్లిట్టర్ వద్దే వద్దు. వీడియో లైటు కింద ప్రతి ముడతా లెక్కపెట్టుకోవచ్చు, పైగా రేణువులు కంట్లో పడతాయి.

లైనర్‌కి ద్రవం, పెన్ను రకాలు పక్కన పెట్టండి. వాటి అంచు పదునుగా ఉంటుంది కాబట్టి చర్మం ఎక్కడ ముడిచినా తెలుస్తుంది. మెత్తటి జెల్ పెన్సిల్, ముదురు గోధుమ. కంటిని సగం మూసి కిందికి చూడమని, ఎడమచేతి వేలితో కనుబొమ్మ కిందున్న చర్మాన్ని నేరుగా పైకి, ఒక్క పిసరు మాత్రం ఎత్తండి. పక్కకి లాగకండి. వెంట్రుకల మొదళ్ల మధ్య పెన్సిల్ కొనతో చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి. రెప్పపాటు గారు చెప్పిన గట్టు మీదికి వెళ్లకుండా, వెంట్రుకలకి పై వైపు నుంచే. నల్లరంగు కావాలంటే ఇక్కడే వాడండి, మొదళ్లలో. పలచబడిన వెంట్రుకలు దాంతోనే ఒత్తుగా కనిపిస్తాయి. తర్వాత ఏటవాలు బ్రష్‌తో అదే రంగు ఐషాడో తీసుకుని చుక్కల మీద ఒత్తుతూ కలపండి. పొడి పడితే పెన్సిల్ మైనం కదలదు, మడతకి అంటుకుని పైన అచ్చు పడడం తగ్గుతుంది.

జెల్ పెన్సిల్ కదలకుండా ఆరడానికి సుమారు 30 సెకన్లు పడుతుంది. కలపాల్సింది ఆ లోపే. ఆ తర్వాత రుద్దితే చుక్కలు ఊడివస్తాయి.

చివర తోక గీయాలనుకుంటే కన్ను తెరిచి ఉండగా కింది రెప్ప అంచు వాలుని అలాగే పైకి పొడిగించినట్టు, కనుబొమ్మ తోక వైపు, 4–5 మిల్లీమీటర్లు. వాలిన చర్మం దాని మీద పడి మధ్యలో తెగినట్టు కనిపిస్తే తోక మానేసి, బయటి మూడో వంతులో ఐషాడోనే పైకి చెదరగొట్టండి. చాలా కళ్లకి అదే బాగుంటుంది. కింద వైపు బయటి మూడో వంతులో మాత్రం, వెంట్రుకల కింద, గోధుమ పొడి సన్నగా. ముక్కు దాకా తీసుకెళ్తే కంటి కింది నలుపుతో కలిసిపోతుంది.


కలువరేకు:

అందరికీ ధన్యవాదాలు. రెప్పని పక్కకి లాగే గీశాను, కారణం ఇప్పుడు తెలిసింది. కళ్ల డాక్టరు దగ్గరికి వచ్చే వారమే తీసుకెళ్తాను.

మూడు సందేహాలు. కాటుక లేకపోతే ముఖం బోసిగా ఉంటుందని అమ్మ పట్టుపడుతోంది. అతికించే రెప్ప వెంట్రుకలు పెట్టవచ్చా? పెళ్లయ్యాక రిసెప్షన్‌కి, పండగలకి అమ్మ తనే వేసుకోవాలంటే కళ్లజోడు తీస్తే అద్దంలో ఏమీ కనిపించదు, పెట్టుకుంటే చెయ్యి వెళ్లదు.


నేరేడు:

కాటుక కోరిక తీరే దారి ఉంది. కాటుక ముఖానికి ఇచ్చేది కంటి చుట్టూ ఒక నల్లటి అంచు. ఆ అంచుని పై రెప్ప మొదళ్లలో నల్ల పెన్సిల్‌తో గట్టిగా ఇచ్చేసి, కింద వెంట్రుకల మొదళ్ల బయటి వైపున ముదురు గోధుమ పెన్సిల్ పెట్టి, దాని మీద నల్ల ఐషాడో పలుచగా ఒత్తండి. రెండడుగుల దూరం నుంచి కాటుక పెట్టుకున్నట్టే ఉంటుంది. పెళ్లికి ముందే ఒకసారి ఇలా వేసి అద్దం చూపించండి, చూస్తే ఒప్పుకుంటారు.

అతికించే వెంట్రుకల్లో పూర్తి పట్టీ వద్దు. పట్టీ బరువుకి వదులు రెప్ప ఇంకా వాలుతుంది, గట్టిగా ఉండే పట్టీ కొనలు చెమటకి లేచి పొడుచుకుంటాయి. విడి కుచ్చులు, 8 నుంచి 10 మిల్లీమీటర్లవి, బయటి మూడో వంతులో ఒక్కో కంటికి మూడు నాలుగు చాలు. జిగురుని వారం ముందు మోచేతి లోపలి మడతలో రాసి ఒక రోజు ఉంచి చూడండి. కొన్ని జిగురుల్లో ఉండే లేటెక్స్ (రబ్బరు పాలు) పడనివాళ్లున్నారు. ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి డాక్టరు వద్దంటే వదిలెయ్యండి, మస్కారాతోనే పని అవుతుంది.

మస్కారాలో ట్యూబింగ్ రకం అడగండి. అది వెంట్రుక చుట్టూ పాలిమర్ గొట్టంలా ఆరుతుంది. నూనెకి, కన్నీళ్లకి కరగదు, గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా ఒత్తి లాగితే గొట్టాలుగా ఊడివస్తుంది. వాటర్‌ప్రూఫ్ రకం కూడా నిలుస్తుంది కానీ తియ్యడానికి రుద్దాలి, పలచని వెంట్రుకలు ఊడేది అక్కడే. కర్లర్ (వెంట్రుకలు పైకి వంచే పరికరం) మస్కారాకి ముందే, వెంట్రుకల మొదళ్ల దగ్గర ఐదు సెకన్లు, మధ్యలో ఇంకోసారి. మస్కారా వేశాక కర్లర్ పెడితే వెంట్రుకలు అంటుకుని ఊడతాయి. బ్రష్‌ని సీసా మూతి దగ్గర తుడిచి, మొదళ్ల దగ్గర కుదిపి పైకి లాగండి. రెండు పూతలు, రెండో పూత బయటి సగానికే. కింది వెంట్రుకలకి వద్దు. పాత సీసా ఉంటే చూడండి, తెరిచి మూడు నెలలు దాటిన మస్కారా పారెయ్యాల్సిందే.

కనుబొమ్మలు మాత్రం ఐషాడోకన్నా ముందు వెయ్యండి, వాలిన రెప్పకి ఎత్తు కనిపించేది వాటివల్లే. జుట్టు నల్లరంగు అయినా కనుబొమ్మకి నలుపు వద్దు, ముదురు గోధుమ పొడి. తోక చివర ముక్కు వైపు చివరకన్నా కిందికి దిగకూడదు. పాత తోక కిందికి వాలి ఉంటే దాని కిందున్న వెంట్రుకలు రెండు మూడు తీసి, పైన చిన్న చిన్న గీతలతో నింపండి. బయటి మూడో వంతు బాగా రాలిపోయి ఉంటే, నీరసం, బరువు పెరగడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించడం మంచిది.


చత్వారం:

కళ్లజోడు ప్రశ్నకి. అద్దంలో మన ముఖం కనిపించేది, మనకీ అద్దానికీ ఉన్న దూరానికి రెట్టింపు దూరంలో. అద్దం 40 సెంటీమీటర్లలో పెడితే కన్ను 80 సెంటీమీటర్లకి ఫోకస్ చెయ్యాలి. చదివే కళ్లజోడు దాదాపు 40 సెంటీమీటర్లకి ఇస్తారు. అందుకే కళ్లజోడు ఉన్నా మసక. అద్దాన్ని 20 సెంటీమీటర్లకి దగ్గరగా తెచ్చుకుంటే అదే పవర్‌కి స్పష్టంగా కనిపిస్తుంది.

మేకప్ కళ్లజోళ్లు అని దొరుకుతాయి. ఒక్కో గాజు విడిగా కిందికి మడుచుకుంటుంది. ఒక కంటికి వేసుకునేటప్పుడు ఆ గాజు కిందికి దించి, రెండో కంటితో గాజు గుండా చూస్తారు. పవర్ అమ్మ చదివే పవర్‌కి దగ్గరగా తీసుకోండి. లేదంటే ఐదు రెట్లు పెద్దదిగా చూపే పుటాకార అద్దం, కింద స్టాండు ఉన్నది. అద్దం కళ్లకన్నా కొంచెం కిందుండాలి, గడ్డం ఎత్తి కిందికి చూస్తే రెప్ప దానంతటదే చదునవుతుంది, లాగే పని ఉండదు. పది రెట్ల అద్దం కొనకండి. ఒక కన్ను మాత్రమే కనిపిస్తుంది, రెండు కళ్ల సమానం తప్పుతుంది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, చిటికెన వేలు బుగ్గ మీద ఆనిస్తే చెయ్యి వణకదు.

పెళ్లిలో కళ్లజోడు పెట్టుకునేట్టయితే గాజు ప్లస్సా మైనస్సా చూసుకోండి. ప్లస్ గాజు కంటిని పెద్దదిగా చూపిస్తుంది, చెదరని అంచులు, ముద్దలు కట్టిన మస్కారా కూడా పెద్దవవుతాయి. అక్కడ రంగు తగ్గించి బాగా కలపాలి. మైనస్ గాజు వెనక కళ్లు చిన్నవవుతాయి, పై రెప్ప గీత కాస్త లావుగా ఉండొచ్చు. ప్రోగ్రెసివ్‌లో కింది భాగం చదవడానికి ఎక్కువ ప్లస్ ఉంటుంది కాబట్టి కంటి కింది కన్సీలర్ తప్పులు ముందు అక్కడే బయటపడతాయి. కాబట్టి అంతా అయ్యాక కళ్లజోడు పెట్టి ఒకసారి చూడండి. మస్కారా ఆరకముందే పెట్టుకుంటే గాజుకి గీతలు అంటుతాయి, ఐదు నిమిషాలు ఆగాలి. ముక్కు మీద జోడు ఆనే రెండు చోట్ల ఫౌండేషన్, కన్సీలర్ వెయ్యకుండా వదలండి, చెమటకి జోడు జారేది అక్కడే.


ముస్తాబుగది:

ఆ రోజు వరుస గురించి ఒక మాట. మీకు ముందుగా వేసి చూసిన అనుభవం ఉంది కాబట్టి కళ్లకి 45 నిమిషాలు పెట్టుకోండి, క్రీము ఇంకే సమయం కాకుండా. కనుబొమ్మలు, పై రెప్ప, లైనర్, అవన్నీ అయ్యాక రాలిన పొడి తుడిచి అప్పుడు కంటి కింద కరెక్టర్, కన్సీలర్. ముందు కింద వేసి తర్వాత పైన వేస్తే రాలిన రంగు కన్సీలర్‌లో కలిసి నలుపు రెట్టింపవుతుంది. కుంకుమ బొట్టు అన్నిటికన్నా చివర, కళ్లు మూయించి. పొడి కుంకుమ కంటి మీద, ముక్కు మీద రాలితే తడి చెయ్యి పెట్టొద్దు, పొడి బ్రష్‌తో దులపండి.

అమ్మ ముందురోజు రాత్రి సరిగా నిద్రపోరు, కళ్లు ఉబ్బుతాయి. రెండు స్టీలు చెంచాలు పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, పలుచని గుడ్డలో చుట్టి, మూసిన కళ్ల మీద రెండేసి నిమిషాలు ఉంచండి. ఐస్ నేరుగా వద్దు.

మండపంలో హోమం పొగకీ, అప్పగింతలప్పుడూ కళ్లు తడవక తప్పదు. అప్పుడు అందరూ చేసేది చీర చెంగుతో పక్కకి తుడవడం, మొత్తం పోయేది దాంతోనే. టిష్యూని త్రికోణంగా మడిచి, కొనని ముక్కు వైపు కంటి మూలలో నిలిపి ఉంచితే నీరంతా అందులోకి పోతుంది, మేకప్‌కి తగలదు. అమ్మ పక్కన ఉండే పిన్నికో అత్తయ్యకో ఒక చిన్న సంచి ఇవ్వండి: టిష్యూలు, పొడి ఇయర్‌బడ్స్, చిన్న బ్రష్, ఆ చర్మం రంగు పౌడర్, గోధుమ పెన్సిల్. మడతలో గీత కడితే పొడి ఇయర్‌బడ్‌తో మడత వెంబడి దొర్లించి తీసేసి, ఆ తర్వాతే పౌడర్ అద్దాలి. గీత మీదే పౌడర్ వేస్తే రెండో పూత కూడా అక్కడే చేరుతుంది.


రెప్పపాటు:

ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోనివ్వకండి. కుచ్చులు పెట్టి ఉంటే ముందు వాటి జిగురుని నూనె కలిసిన రిమూవర్‌తో మెత్తబడనివ్వాలి, లాగకూడదు. తర్వాత రిమూవర్ దూదిని మూసిన కంటి మీద 20 సెకన్లు ఆనించి, కిందికి ఒక్కసారి జార్చండి. ట్యూబింగ్ మస్కారాకి గోరువెచ్చని నీళ్లు చాలు. మొదళ్లలో మిగిలిన పెన్సిల్‌ని తడి ఇయర్‌బడ్‌తో. కొబ్బరినూనె, పసిపిల్లల నూనె వాడితే కంట్లోకి వెళ్లి మసకబారుతుంది. చివర్లో లూబ్రికెంట్ చుక్కలు డాక్టరు రాసి ఉంటే అవి. మర్నాడు కన్ను ఎర్రబడి, నొప్పి గానీ వెలుతురు చూడలేకపోవడం గానీ చూపు తగ్గడం గానీ ఉంటే, ముఖ్యంగా ఆపరేషన్ అయిన కుడికన్నైతే, పెళ్లి పనులున్నాయని ఆగకుండా ఆ రోజే డాక్టరుకి చూపించండి.